గొంతు ముద్ద కాకుండా బేస్ కావాలంటే ఏ హెడ్‌ఫోన్స్, ఏ యాంప్లిఫయర్?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు అనంతపురంలో గది అద్దెకు తీసుకుని ఉంటున్నారు, పాటలు లాప్‌టాప్‌లోనూ ఫోన్‌లోనూ వింటారు. ఇప్పుడున్న రెండు వేల రూపాయల బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌లో బేస్ దండిగా ఉంది గానీ పాడేవారి గొంతు దుప్పటి కప్పినట్టు ముద్దగా వస్తోంది. పదిహేను వేల లోపు మంచి వైరు హెడ్‌ఫోన్స్, దానికి తగిన యాంప్లిఫయర్ కొనాలనుకుంటున్నారు. ఓమ్‌లు (హెడ్‌ఫోన్స్ నిరోధానికి కొలత) ఎంత ఎక్కువైతే అంత నాణ్యమని దుకాణంలో చెప్పినందువల్ల 250 ఓమ్‌ల రకం వైపు మొగ్గుతున్నారు. మీ మేనమామ గారి పాత స్టీరియో యాంప్లిఫయర్ ఇంట్లో ఉంది, దానికి తగిలించుకోవచ్చా అని చివర అడిగారు.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ జిల్లాలో కచేరీలకూ, సభలకూ, జాతరలకూ సౌండ్ చూస్తున్నాను. ఇంట్లో ఒక చిన్న గదిలో రికార్డింగులూ చేస్తుంటాను. ఆ అనుభవంతో ముందే చెప్పదలచిన మాట ఒకటుంది: బేస్ యాంప్లిఫయర్‌లో పుట్టదు. హెడ్‌ఫోన్స్ తయారీలోనే అది ఎంత ఉండాలో అంత ఉంటుంది. ఆ కప్పు మీ చెవి చుట్టూ సందు లేకుండా కూర్చుంటేనే అది మీకు అందుతుంది. ఇంకా కావాలంటే ఈక్వలైజర్‌తో, అంటే ఒక్కో స్థాయి స్వరాలను విడివిడిగా పెంచి తగ్గించే సాధనంతో, పెంచుకోవచ్చు. యాంప్లిఫయర్ చేసేదల్లా అడిగినంత శక్తిని శుభ్రంగా ఇవ్వడమే. కాబట్టి మీ డబ్బులో పెద్ద వాటా హెడ్‌ఫోన్స్‌కే పోవాలి.

ఇక బేస్ అంటే ఏమిటో తేల్చుకుందాం, ఎందుకంటే దుకాణాల్లో ఆ పేరుతో అమ్మేది వేరు, మీరు కోరేది వేరు. మన జిల్లాలో ఉరుములనే జానపద డ్రమ్ములు వాయిస్తుంటే దగ్గర నిలబడి విన్నారా? పుల్లతో తోలును రుద్దినప్పుడు వచ్చే ఆ మూలుగు చెవి కన్నా ముందు రొమ్ముకు తగులుతుంది. మృదంగంలో తొప్పి వైపు, అంటే ఎడమవైపు, రవ్వ అంటించి నాదాన్ని కిందికి దించుతారు, ఎడమచేతిని జార్చి గుంకీ వాయించినప్పుడు ఆ నాదం వంగుతూ సాగుతుంది. ఇవన్నీ ఎక్కువగా 100 హెర్ట్జ్‌కు (సెకనుకు ఎన్ని కంపనలో చెప్పే కొలత) అటూ ఇటూ, దాని కిందా ఉండే స్వరాలు. మనిషి చెవికి 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వినిపిస్తుందంటారు గదా, అందులో 20 నుంచి 60 వరకు ఉన్న అడుగు భాగాన్ని వినడం కన్నా అనుభవించడమే ఎక్కువ. మగవారి గొంతు మూలస్వరం మాట్లాడేటప్పుడు సుమారు 100, 150 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, ఆ గొంతుకు నిండుదనం ఇచ్చే భాగం దానికి పైన, 200 నుంచి 400 వరకు పరుచుకుని ఉంటుంది. చవక రకాల్లో బేస్ పెంచామంటూ నిజానికి ఉబ్బించేది 150 నుంచి 300 వరకు ఉన్న ఈ ప్రాంతాన్నే. డ్రమ్ము దెబ్బ గట్టిగా ఉన్నట్టు తోస్తుంది గానీ, అదే ఉబ్బు గొంతు మీదా తంబురా మీదా పేరుకుని, అక్షరాలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. మీరు ముద్ద అన్నది సరిగ్గా దీన్నే.

చిన్నప్పుడు కడప రేడియో కేంద్రం కార్యక్రమాలు అరచేతి వెడల్పు స్పీకరున్న ట్రాన్సిస్టర్‌లో వినేవాళ్లం. ఆ స్పీకరు మృదంగపు తొప్పి మూలస్వరాన్ని పలికించలేదు, అయినా మాకు తొప్పి వినిపించేది. మూలస్వరం లేకపోయినా దాని పై స్వరాలను బట్టి మెదడు లోటును పూరించుకుంటుంది. అందుకే దుకాణంలో రెండు నిమిషాలు పెట్టుకుని చూస్తే ఏ హెడ్‌ఫోన్స్‌లోనైనా బేస్ ఉన్నట్టే అనిపిస్తుంది. లేని అడుగు లేదని తెలియాలంటే ఉన్నదాన్ని ఒకసారి విని ఉండాలి.

బేస్ పుష్కలంగా ఉంటూ సమతూకం చెడకూడదన్న మీ కోరిక అత్యాశ కాదు, దానికి శాస్త్రీయమైన ఆధారమే ఉంది. హర్మన్ అనే ఆడియో సంస్థలో షాన్ ఓలివ్, టాడ్ వెల్టీ తదితరులు 2012, 2013 ప్రాంతం నుంచి వినేవారిని కూర్చోబెట్టి వరుసగా పరీక్షలు జరిపి, ఎక్కువమందికి నచ్చే ధ్వని ఎలా ఉంటుందో ఒక గీతగా గీశారు. ఆ గీతలో సుమారు 100 హెర్ట్జ్ కింద బేస్ కొన్ని డెసిబెల్‌లు (శబ్దం ఎంత గట్టిదో చెప్పే కొలత) మెట్టులా లేచి ఉంటుంది, 200 దగ్గరకు వచ్చేసరికి ఆ ఎత్తు కరిగిపోతుంది. అంటే బేస్ ఉంది, కానీ అది గొంతు గదిలోకి అడుగు పెట్టలేదు. ఏ హెడ్‌ఫోన్స్‌కైనా కొలతల గ్రాఫ్ నెట్‌లో దొరికితే ముందు చూడవలసినది ఈ 200 హెర్ట్జ్ దగ్గరి వాలును. ఆ తరువాతే పెట్టె మీద రాసిన మాటలు చదవండి. నన్నడిగితే అవి చదవకపోయినా నష్టం లేదు.

గ్రాఫ్ ఎంత బాగున్నా చెవి దగ్గర సందు ఉంటే అంతా వృథా. రెండేళ్ల కిందట ఒక కుర్రవాడు కొత్త హెడ్‌ఫోన్స్ తెచ్చి, అందరూ మెచ్చుకున్న రకమే కొన్నాను గానీ నాకు బేసే రావడం లేదు, యాంప్లిఫయర్ కొనాలా అని అడిగాడు. నేను వైరు ముట్టుకోలేదు. అతని రెండు కప్పుల మీదా అరచేతులు పెట్టి మెల్లగా లోపలికి నొక్కాను. అతని కళ్లు పెద్దవయ్యాయి. లావుపాటి కళ్లజోడు కాడలు ప్యాడ్‌ను చెంప నుంచి ఎత్తి పట్టాయి, ఆ కాడ పక్కనున్న పెన్సిల్ మందపు సందు గుండా అడుగు స్వరాలన్నీ కారిపోతున్నాయి. సన్నని తీగ కాడలున్న జోడు పెట్టుకుని వచ్చాక అతనికి యాంప్లిఫయర్ అవసరం పడలేదు. మీరూ మొదట ఈ పరీక్షే చేయండి: నొక్కితే బేస్ పెరిగితే లోపం సందుదే. కప్పుల కింద ఇరుక్కున్న జుట్టు కూడా ఇంత పనీ చేస్తుంది.

మూసిన రకమా, తెరిచిన రకమా అన్నదానికి నా సమాధానం మీ విషయంలో మూసినదే. తెరిచిన వాటిలో వెనుకవైపు జాలీ ఉంటుంది కాబట్టి ధ్వని విశాలంగా, గొంతు సహజంగా ఉంటుంది. సెన్‌హైజర్ హెచ్‌డీ 600, హెచ్‌డీ 650 వంటివి గొంతు వినడానికి ఎంత హాయిగా ఉంటాయో మాటల్లో చెప్పలేను. కానీ వాటిలో అట్టడుగు స్వరాలు క్రమంగా వాలిపోతాయి, మీరు కోరే దెబ్బ అక్కడ దొరకదు. పైగా మన వేసవి సంగతి మీకు తెలియనిది కాదు: నలభై డిగ్రీలు దాటిన రోజుల్లో ఫ్యానో కూలరో ఆపి పాటలు వినడం జరిగే పని కాదు. జాలీ గుండా ఆ మోతంతా లోపలికి వచ్చి పాట మీద కూర్చుంటుంది. మూసినవి కూడా కూలర్ చేసే అడుగు మోతను పెద్దగా ఆపలేవని, అవి ఆపేది ఎక్కువగా పై స్వరాలనేనని చెప్పడం న్యాయం. ఆ అడుగు మోత పోవాలంటే శబ్దాన్ని ఎదురు శబ్దంతో రద్దుచేసే బ్లూటూత్ రకమే కావాలి, వాటిలో యాంప్లిఫయర్ లోపలే ఉంటుంది కాబట్టి మనం మాట్లాడుకునే రెండో భాగం వాటికి వర్తించదు.

వేడి సంగతి వచ్చింది కాబట్టి ప్యాడ్ల గురించి ఒక మాట. నకిలీ తోలు ప్యాడ్లు సందు బాగా మూస్తాయి, కనుక బేస్‌కు మంచివి. కానీ చెమటకు తడిసి తడిసి, రెండు మూడు వేసవులకు నల్లటి పొరలు పొరలుగా ఊడి చెవులకు అంటుకుంటాయి. మఖమల్ లాంటి గుడ్డ ప్యాడ్లు చల్లగా ఉంటాయి. అయితే తోలు ప్యాడ్లకు తయారుచేసిన హెడ్‌ఫోన్స్‌కు గుడ్డవి తగిలిస్తే బేస్ తగ్గి ధ్వని తీరే మారిపోతుంది. ఏవి వాడినా, విడి ప్యాడ్లు కొనడానికి దొరికే రకమే తీసుకోండి.

పేర్లు చెప్పమన్నారు. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రోలో 80 ఓమ్‌ల రకం మీ కోరికకు దగ్గరగా ఉంటుంది. మూసిన రకం, గుడ్డ ప్యాడ్లతోనే వస్తుంది, అడుగు దాకా బేస్ లోతుగా దిగుతుంది, గొంతు మీద పెద్దగా పేరుకోదు. దాని లోపం పై స్వరాల్లో ఉంది: 8,000 హెర్ట్జ్ ప్రాంతంలో పదును ఎక్కువై స, శ, ష వంటి అక్షరాలు సూదుల్లా గుచ్చుతాయి. కొందరికి అది స్పష్టతగా తోస్తుంది, నాకు గంట తరువాత అలసటగా ఉంటుంది, ఈక్వలైజర్‌లో అక్కడ మూడు నాలుగు డెసిబెల్‌లు తగ్గించుకుని వింటాను. ఆడియో టెక్నికా ఏటీహెచ్ ఎం50ఎక్స్ రెండోది. 38 ఓమ్‌లు, ఫోన్‌తోనే సులువుగా మోగుతుంది, బేస్ కాస్త ముందుకు ఉంటుంది, కానీ కప్పులు చిన్నవి, పెద్ద చెవులవారికి ఒత్తుతాయి. స్టూడియోల్లో ఎక్కడ చూసినా కనిపించే సోనీ ఎండీఆర్ 7506 పొరపాట్లు వెతకడానికి మంచిదే, మీరు అడిగే బరువైన బేస్ మాత్రం అందులో లేదు. ఈ మూడింటిలో మీకైతే మొదటిదే నా ఓటు.

ఇప్పుడు ఓమ్‌ల సంగతి. ఓమ్ అన్నది నాణ్యతకు కొలత కాదు. లోపలి కాయిల్‌కు ఎంత సన్నని తీగ, ఎన్ని చుట్లు చుట్టారన్నదాన్ని బట్టి వచ్చే నిరోధం అది. డీటీ 770 ప్రోనే 32, 80, 250 ఓమ్‌లలో తయారుచేశారు, ఏ పరికరానికి తగిలిస్తారన్నదాన్ని బట్టి ఎంచుకోవడానికి. ఓమ్‌తో పాటు చూడవలసిన రెండో అంకె సెన్సిటివిటీ, అంటే ఒక మిల్లీవాట్ ఇస్తే ఎన్ని డెసిబెల్‌ల శబ్దం వస్తుందన్నది. ఈ హెడ్‌ఫోన్స్‌కు అది 96. పాటలో క్షణకాలం వచ్చే పెద్ద దెబ్బకు 110 డెసిబెల్‌లు కావాలనుకుందాం, ఇది ఉదారమైన లెక్కే. తేడా 14 డెసిబెల్‌లు. పది డెసిబెల్‌లకు శక్తి పది రెట్లు, మూడింటికి రెండు రెట్లు చొప్పున 14కు సుమారు 25 రెట్లు, అంటే 25 మిల్లీవాట్లు. ఇంతకు మించి అక్కర లేదు. పెట్టె మీద వాట్లలో రాసిన అంకెలకు ఎందుకు మురిసిపోకూడదో దీన్ని బట్టి మీకే తెలుస్తుంది.

ఆ 25 మిల్లీవాట్లను ఎలా ఇవ్వాలన్న దగ్గరే ఓమ్ పని చేస్తుంది. 250 ఓమ్‌ల రకానికి అది 2.5 వోల్ట్‌లూ 10 మిల్లీ యాంపియర్లూ అవుతుంది. 80 ఓమ్‌ల రకానికి 1.4 వోల్ట్‌లూ సుమారు 18 మిల్లీ యాంపియర్లూ అవుతుంది. ఒకటి వోల్టేజీ అడుగుతుంది, రెండోది కరెంటు అడుగుతుంది. మన వ్యవసాయ బావుల దగ్గర మోటారు ఉదాహరణ తీసుకుంటే, ఎత్తుకు నీరు తోడే పంపు వేరు, తక్కువ ఎత్తుకు ఎక్కువ నీరు పారించే పంపు వేరు, హార్స్‌పవర్ రెండింటికీ ఒకటే అయినా ఒకదాని పని ఇంకొకటి చేయదు. పల్చటి పొర మొత్తం కదిలే ప్లేనార్ రకాలు ఈ రెండో పంపు అడిగేవి: 25 ఓమ్‌లూ 91 డెసిబెల్‌లూ ఉన్న ప్లేనార్‌కు అదే 110 డెసిబెల్‌లు కావాలంటే దాదాపు 80 మిల్లీవాట్లు కావాలి, వోల్టేజీ ఇక్కడా 1.4 మాత్రమే, కరెంటు మాత్రం 56 మిల్లీ యాంపియర్లు. వాటి బేస్ చదునుగా అడుగు దాకా సాగుతుంది, నాకు ఇష్టమే, కానీ ఎక్కువ రకాలు తెరిచినవి కావడం వల్ల మీ కూలర్ గదికి సిఫారసు చేయను.

మీ లాప్‌టాప్‌కూ ఫోన్‌కూ యూఎస్‌బీ టైప్ సీ డాంగిల్, అంటే హెడ్‌ఫోన్స్ పిన్ను పెట్టుకునే చిన్న అడాప్టర్, ఒకటి కొని చూడండి. ఆపిల్ వారి చిన్న డాంగిల్ సుమారు 1 వోల్ట్ ఇస్తుంది, ఐరోపాలో అమ్మే రకమైతే అందులో సగం. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో అది పూర్తి శబ్దం ఇవ్వదు, లాప్‌టాప్‌లో ఆ ఇబ్బంది ఉండదు. ఆ 1 వోల్ట్‌తో 80 ఓమ్‌ల రకం 107 డెసిబెల్‌ల దాకా, 250 ఓమ్‌ల రకం 102 దాకా వెళ్తాయి. ఈక్వలైజర్‌లో బేస్ 6 డెసిబెల్‌లు పెంచారంటే, చితికిపోకుండా మొత్తం శబ్దాన్ని ముందుగా 6 డెసిబెల్‌లు దించుకోవాలి. అప్పుడు గొంతు భాగానికి మిగిలేవి 101, 96. మొదటిది చాలు. రెండోది, తక్కువ స్థాయిలో రికార్డు చేసిన పాత కచేరీ వినేటప్పుడు బొటాబొటీగా ఉంటుంది. 250 ఓమ్‌లు తీసుకుంటే యాంప్లిఫయర్ తప్పనిసరి ఖర్చు అవుతుంది, 80 తీసుకుంటే అది తరువాత ఆలోచించుకునే ఖర్చు అవుతుంది. దుకాణదారుడి మాట మీద కాకుండా ఈ లెక్క మీద నిర్ణయించుకోండి.

యాంప్లిఫయర్ కొంటానంటే చూడవలసినవి రెండు మూడే. 32 ఓమ్‌ల దగ్గర వంద మిల్లీవాట్లు, ఎక్కువ ఓమ్‌ల దగ్గర 3 వోల్ట్‌లు ఇస్తే చాలు. దాని అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే యాంప్లిఫయర్ సొంత నిరోధం, 2 ఓమ్‌ల లోపు ఉండాలి, ఎందుకంటే హెడ్‌ఫోన్స్ ఓమ్‌లలో ఎనిమిదో వంతుకు మించితే ధ్వని తీరు మారడం మొదలవుతుంది. ధ్వనిని ఎన్ని రెట్లు పెంచాలో మార్చే గెయిన్ మీట తప్పక ఉండాలి, తక్కువ గెయిన్‌లో పెట్టుకోండి. ఎక్కువ గెయిన్‌లో శబ్దం నాబ్ మొదటి గీత దగ్గరే చాలైపోతుంది, సాధారణ నాబ్‌లలో ఆ మొదటి భాగంలో ఎడమ, కుడి చెవులు సమానంగా ఉండవు. ఒకవైపు పాట ఒరిగినట్టుంటే చెవి డాక్టరు దగ్గరకు వెళ్లే ముందు ఈ మీట చూసుకోండి.

ఈక్వలైజర్‌ను మోసంగా చూసేవారు మన వాళ్లలో చాలామంది ఉన్నారు. కచేరీలో మిక్సర్ ముందు కూర్చుని సాయంత్రమంతా నేను చేసేది అదే పని, హెడ్‌ఫోన్స్‌కు చేస్తే తప్పెలా అవుతుందో నాకు తెలియదు. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీవో ఉచితం. అందులో ఒక హద్దు కింది స్వరాలన్నిటినీ కలిపి పెంచే లో షెల్ఫ్ అనే రకం ఎంచుకుని, 105 హెర్ట్జ్ దగ్గర, వాలు ఎంత నిటారుగా ఉండాలో చెప్పే క్యూ విలువ 0.7 పెట్టి, మొదట 3 డెసిబెల్‌లు పెంచండి. ఒక వారం విన్న తరువాత చాలకపోతే 5 చేయండి. అక్కడ కూడా గొంతు బరువెక్కినట్టుంటే 200 దగ్గర ఒకటి రెండు డెసిబెల్‌లు తగ్గించండి. పరీక్షకు తంబురా శ్రుతి మీద ఒకరే పాడుతున్న ఆలాపన పెట్టుకోవడం నా అలవాటు: బేస్ పెంచక ముందూ పెంచిన తరువాతా ఆ గొంతు ఒకేలా ఉంటే మీ మెట్టు సరైన చోట ఉన్నట్టే. రాత్రిపూట శబ్దం తగ్గించి వింటే బేస్ మరీ తగ్గినట్టు తోచడం మీ భ్రమ కాదు, తక్కువ శబ్దంలో చెవి అడుగు స్వరాలను తక్కువగా పట్టుకుంటుంది. అందుకని రాత్రికి ఒకటి రెండు డెసిబెల్‌లు ఎక్కువున్న సెట్టింగ్ వేరే దాచుకోండి. శబ్దం పెంచి ఆ లోటు తీర్చుకోవద్దు: పెద్దవారికి వారానికి 40 గంటలు వింటే 80 డెసిబెల్‌లు హద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్‌లకూ ఆ గంటలు సగమవుతాయి.

కొత్త యాంప్లిఫయర్ తగిలించగానే గుంయ్‌మని మోత వస్తే దాన్ని వాపసు చేయకండి. ముందు లాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. మోత ఆగితే లోపం ఎర్తింగ్‌ది. మా గదిలో ఒక ఏప్రిల్‌లో సరిగ్గా ఇదే జరిగింది, లాప్‌టాప్ మీద చెయ్యి వేస్తే సన్నగా జిల్లుమనేది కూడా. మూడు పిన్నుల ప్లగ్గే, ఎర్త్ వైరూ ఉంది, కానీ పెరట్లో ఎర్త్ గుంత నేల ఎండి బీటలు వారింది. ఎలక్ట్రీషియన్ వచ్చి, కనెక్షన్లు బిగించి, నాలుగు బిందెల నీళ్లు పోయించాక మోత సద్దుమణిగింది. వానలు తక్కువైన మన నేలలో వేసవిలో అప్పుడప్పుడు ఆ గుంత తడపాలన్నది పాత ఇళ్లలో పెద్దలకు తెలిసిన సంగతే. అద్దె గది కాబట్టి మీరే తవ్వకుండా ఇంటివారికి చెప్పండి.

ఇక మీ మేనమామ గారి యాంప్లిఫయర్. పాత స్టీరియోలలో హెడ్‌ఫోన్ సాకెట్‌ను సాధారణంగా స్పీకర్ల అవుట్‌పుట్ నుంచే పెద్ద రెసిస్టర్ ద్వారా ఇచ్చేవారు, అందువల్ల అవుట్‌పుట్ ఇంపెడెన్స్ వంద ఓమ్‌లు దాటి ఉండడం మామూలు. కాయిల్‌తో మోగే డైనమిక్ హెడ్‌ఫోన్స్‌లో బేస్ ప్రాంతంలో నిరోధం లేస్తుంది, అక్కడ వాటాగా ఎక్కువ వోల్టేజీ అందుతుంది, బేస్ ఉబ్బుతుంది. ఉదాహరణకు 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్స్ బేస్ దగ్గర 500కు లేస్తే, 120 ఓమ్‌ల సాకెట్ నుంచి వచ్చే తేడా సుమారు ఒక డెసిబెల్, అది వినసొంపుగానే ఉంటుంది. 38 ఓమ్‌ల రకానికి ఆ తేడా ఇంకా పెరిగి మీరు పారిపోదామనుకుంటున్న ముద్దకే చేరవచ్చు. ఎలాగూ ఇంట్లోనే ఉంది కాబట్టి 80 ఓమ్‌లవి కొన్నాక దానికి తగిలించి, డాంగిల్‌తో పోల్చి ఒక సాయంత్రం వినండి. పిన్ను పెట్టే ముందూ తీసే ముందూ నాబ్ పూర్తిగా సున్నాకు తిప్పండి, ఎన్నో ఏళ్లుగా ఆన్ చేయనిదైతే నాబ్‌ను అటూ ఇటూ ఇరవైసార్లు తిప్పితే గరగర చాలావరకు పోతుంది, అప్పటికీ పోకపోతే కాంటాక్ట్ క్లీనర్ కొట్టించండి.